స్కిజోఫ్రీనియాలో వినిపించే గొంతులు, మెదడు స్కాన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎదుట ఎవరూ లేకపోయినా మాటలు వినబడటాన్ని వైద్యులు శ్రవణ భ్రాంతి అంటారు. స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 60 నుంచి 80 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది ఎదురవుతుంది. ఆ గొంతులు వినేవాళ్ళూ, వాళ్ళ ఇంట్లోవాళ్ళూ, ఇలాంటి పరిశోధనకు రమ్మని పిలుపు అందుకున్నవాళ్ళూ, సైకాలజీ, నర్సింగ్, మెడిసిన్ చదివే విద్యార్థులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

వినబడుతున్నాయి అంటున్నారు. నిజంగా వింటున్నారా, ఊహించుకుంటున్నారా?

వింటున్నారు. చాలా ఇళ్ళలో గొడవ ఇక్కడే మొదలవుతుంది కాబట్టి ఈ మాట ముందే చెప్పాలి. "నాకు వినబడని మాట నీకెలా వినబడుతుంది" అని ఇంట్లోవాళ్ళు, "మీరంతా కలిసి అబద్ధం ఆడుతున్నారు" అని పేషెంటు. ఇద్దరూ తమ చెవులు చెప్పిందే చెబుతున్నారు.

1999లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో థామస్ డియర్క్స్ బృందం ముగ్గురు పేషెంట్లను ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, గొంతు వినబడినప్పుడు బటన్ ద్వారా తెలియజేయమంది. వినబడుతున్న ఆ కాసేపట్లో హెష్ల్ మెలిక అనే చోట చురుకుదనం పెరిగింది. చెవిలో పడ్డ శబ్దం మెదడు పైపొరలో మొట్టమొదట చేరే చోటు అదే. బయట మాట లేదు, కానీ మాట వచ్చినప్పుడు పనిచేసే భాగం పనిచేస్తోంది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నిటిలోనూ హెష్ల్ మెలిక కనబడలేదు, ఆ తేడాకు కారణాలు కింద చెబుతాం. మాటను వినే భాగాలు, మాటను తయారుచేసే భాగాలు ఈ సమయంలో పనిచేస్తాయన్న విషయం మాత్రం అనేక చోట్ల, వేర్వేరు యంత్రాలతో తేలింది.

మామూలుగా మాట వినడానికి మెదడులో ఏ భాగాలు పనిచేస్తాయి?

చెవి పైన, కణత లోపలి వైపు ఉండే టెంపోరల్ లోబ్ శబ్దాన్ని అందుకుంటుంది. అందులోని హెష్ల్ మెలిక శబ్దపు స్థాయి, హెచ్చుతగ్గులు పట్టుకుంటుంది. దాని చుట్టూ, వెనక ఉన్న సుపీరియర్ టెంపోరల్ మెలిక ఆ శబ్దంలోంచి అక్షరధ్వనులను, గొంతు ఎవరిదన్న సంగతిని వేరు చేస్తుంది. కాస్త కింద ఉన్న మిడిల్ టెంపోరల్ మెలిక అర్థం దగ్గరకు తీసుకెళ్తుంది. నుదుటి వెనక ఎడమవైపున ఉన్న బ్రోకా ప్రాంతం మాటను కూర్చడంలో ప్రధానం. పైకి మాట్లాడినా, మనసులో అనుకున్నా అది పనిచేస్తుంది. ఈ వెనక భాగాలనూ ముందు భాగాన్నీ కలిపే విల్లులాంటి నరాల కట్ట పేరు ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్.

కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలో ఇంచుమించు 95 శాతం మందికి భాష ప్రధానంగా ఎడమవైపే నడుస్తుంది. అందుకే చాలా అధ్యయనాలు కుడిచేతి వాటం వాళ్ళనే తీసుకుంటాయి.

మెదడు పనితీరును చూపే ఫంక్షనల్ ఎంఆర్ఐ అసలు కొలిచేది ఏమిటి? ఆలోచననా?

కాదు, రక్తాన్ని. పనిచేస్తున్న చోటికి ఆక్సిజన్ ఉన్న రక్తం అవసరానికి మించి వస్తుంది. ఆక్సిజన్ ఉన్న హీమోగ్లోబిన్‌కూ లేనిదానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంది. ఆ తేడాను 1990లో సీజీ ఒగావా బృందం సంకేతంగా వాడి చూపింది. పొలంలో ఏ మడికి నీళ్ళు తిరిగాయో చూసి ఎక్కడ పని నడుస్తోందో అంచనా వేయడం లాంటిది ఇది.

దీనివల్ల వచ్చే పరిమితులు రెండు. మొదటిది కాలం: రక్తపు మార్పు వెంటనే రాదు, 4 నుంచి 6 సెకన్లకు గరిష్ఠానికి చేరి, మెల్లగా దిగుతుంది. మాటలో ఒక అక్షరం సెకనులో అయిదారో వంతులో అయిపోతుంది, కాబట్టి ఈ పద్ధతిలో అక్షరం అక్షరం పట్టుకోలేం. రెండోది పరిమాణం: సంకేతంలో తేడా నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. అందుకే ఒకే పనిని పదేపదే చేయించి సగటు తీస్తారు.

గొంతు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు కదా, స్కానర్‌లో దాన్ని ఎలా పట్టుకుంటారు?

ఈ రంగంలో అసలు కష్టం ఇదే. పద్ధతులు నాలుగు ఉన్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కో లోపం.

అన్నిటికన్నా పాతది, జబ్బు ముదిరి ఉన్నప్పుడు ఒకసారి, తగ్గాక ఒకసారి స్కాన్ తీసి పోల్చడం. 1993లో లండన్‌లో ఫిలిప్ మెక్‌గ్వైర్ బృందం 12 మంది పురుషులపై స్పెక్ట్ అనే రక్తప్రవాహ స్కాన్‌తో ఇలాగే చేసింది. గొంతులు వినబడే రోజుల్లో బ్రోకా ప్రాంతంలో రక్తప్రవాహం ఎక్కువగా ఉంది. మాటను తయారుచేసే చోటు పనిచేయడం ఆనాటికి పెద్ద సంగతి. కానీ రెండు స్కాన్ల మధ్య వారాలు గడిచాయి. ఆ మధ్యలో మందు, నిద్ర, ఆందోళన అన్నీ మారి ఉంటాయి.

రెండోది బటన్. గొంతు రాగానే నొక్కాలి. 1995లో డేవిడ్ సిల్బర్స్‌వైగ్ బృందం రక్తప్రవాహాన్ని చూపే మరో స్కాన్ అయిన పెట్‌లో అయిదుగురు పేషెంట్లతో ఇలా చేస్తే థాలమస్, స్ట్రయాటం, హిప్పోకాంపస్ లాంటి లోతైన భాగాలు బయటపడ్డాయి. బటన్‌తో చిక్కు ఏమిటంటే, వేలు కదిపినందుకు కదలికలను నడిపే మోటార్ ప్రాంతం, గొంతు వచ్చిందా లేదా అని కాపుకాసినందుకు నుదుటి భాగాలు కూడా వెలుగుతాయి. దీనికి విరుగుడుగా, గొంతులు లేని మనిషిని తోచినప్పుడు బటన్ నొక్కమని మరో స్కాన్ తీసి, దాన్ని తీసివేస్తారు. వినబడటానికీ నొక్కడానికీ మధ్య జాప్యం మనిషి మనిషికీ మారుతుంది. మత్తు కలిగించే మందులు ఎక్కువ మోతాదులో వాడేవాళ్ళలో అది ఇంకా పెరుగుతుంది.

మూడోది షెర్గిల్, మెక్‌గ్వైర్‌లు 2000లో వాడిన పద్ధతి. ముందుగా ఊహించలేని వ్యవధుల్లో స్కాన్ తీసి, తీసిన వెంటనే "ఇందాక వినబడిందా" అని అడుగుతారు. కాపుకాసే పని తప్పుతుంది. అదే బృందం 2004లో ఇద్దరు పేషెంట్లలో, గొంతు వచ్చిందని తెలియజేయడానికి 6 నుంచి 9 సెకన్ల ముందే ఎడమ నుదుటి భాగం చురుగ్గా ఉందని, టెంపోరల్ భాగాలు వినబడిన సమయానికి అందుకున్నాయని చూపింది. మాట తయారవడం ముందు, వినబడటం తర్వాత అన్న క్రమం దీన్నుంచి తోస్తుంది. ఇద్దరితో మాత్రం దాన్ని తేల్చి చెప్పలేం.

నాలుగోది, పేషెంటును ఏమీ చేయమనకుండా పడుకోబెట్టి, తర్వాత లెక్కల సాయంతో ఏ సంకేతాలు ఒకటిగా లేచి పడుతున్నాయో విడదీయడం. అలా విడదీసినదాన్ని స్కాన్ అవగానే అడిగిన వివరాలతో సరిపోలుస్తారు. బాగా అనారోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇదే సులువు.

ఏ పద్ధతైనా, పది నిమిషాల స్కాన్‌లో గొంతు చాలాసార్లు వచ్చి పోవాలి. రోజంతా ఆగకుండా వినబడేవాళ్ళలో పోల్చడానికి నిశ్శబ్దం దొరకదు. రోజుకు ఒకసారి వినబడేవాళ్ళకు ఆ పది నిమిషాల్లో అసలు రాకపోవచ్చు. కాబట్టి ఈ అధ్యయనాల్లో కనబడేది జబ్బున్న అందరి మెదడూ కాదు. గొంతు వచ్చి పోతూ, కదలకుండా పడుకోగలిగి, బటన్ గుర్తుపెట్టుకోగలిగిన కొందరిది. ఈ విషయం పత్రికా వార్తల్లో ఎప్పుడూ రాదు, రావాలి.

ఈ అధ్యయనాలన్నీ కలిపితే ఏ భాగాలు నిలబడ్డాయి?

2011లో రెనో జార్‌డ్రి బృందం 10 అధ్యయనాలను, మొత్తం 68 మంది పేషెంట్లను కలిపి లెక్కవేసింది. బ్రోకా ప్రాంతం, దాని పక్కన లోపలికి ఉండే ఇన్సులా, సుపీరియర్, మిడిల్ టెంపోరల్ మెలికలు, తల పైభాగంలో వెనకవైపు ఉండే పెరైటల్ లోబ్‌లోని కింది భాగం, జ్ఞాపకాలకు సంబంధించిన హిప్పోకాంపస్ ప్రాంతం నిలబడ్డాయి. ఇది దాదాపుగా మాట్లాడటానికి, వినడానికి వాడే వ్యవస్థే.

దానికి మూడేళ్ళ ముందు నెదర్లాండ్స్‌లో ఐరిస్ సొమ్మర్ బృందం 24 మంది పేషెంట్లలో మరో సంగతి గమనించింది. గొంతులు వినబడేటప్పుడు ఎక్కువ చురుగ్గా ఉన్నది ఎడమ బ్రోకా కాదు, దానికి సరిగ్గా అవతల కుడివైపున్న జోడీ. ఎడమ ప్రాధాన్యం ఎంత తగ్గితే గొంతు చెప్పే మాటలు అంత చేదుగా ఉన్నాయి. కుడి భాగం నుంచి వచ్చే భాష చిన్నచిన్న ముక్కలుగా, తిట్లుగా, ఒకటే మాట మళ్ళీమళ్ళీగా ఉంటుందని పక్షవాతంతో మాట పోయినవాళ్ళ దగ్గర వైద్యులకు తెలిసిన సంగతే. చాలామంది పేషెంట్లు చెప్పే గొంతుల తీరు దీనికి దగ్గరగా ఉంది. ఇది మాకు నచ్చిన వివరణ, ఇంకా నిరూపణ కావలసిన వివరణ కూడా.

తన మనసులో మాటనే పరాయి గొంతుగా వింటున్నారని అంటారు. దానికి ఆధారం ఉందా?

ఉంది, పూర్తిగా కాదు.

మనం మాట్లాడే ముందు మెదడులోని ముందు భాగం వినే భాగానికి "ఇప్పుడు వచ్చేది నా గొంతే" అని కబురు పంపుతుంది. అందుకే సొంత గొంతుకు వినే భాగం తక్కువగా స్పందిస్తుంది. తలపై తీగలు అతికించి మెదడులోని విద్యుత్తును కొలిచే ఈఈజీలో దీన్ని సూటిగా కొలవచ్చు. శబ్దం పడిన సుమారు 100 మిల్లీసెకన్లకు ఎన్1 అనే తరంగం వస్తుంది. ఒక మనిషి మాట్లాడుతున్నప్పుడు ఈ తరంగం చిన్నగానూ, అదే మాటను రికార్డు చేసి వినిపించినప్పుడు పెద్దగానూ ఉంటుంది. జుడిత్ ఫోర్డ్, డేనియల్ మథలోన్ చేసిన వరుస ప్రయోగాల్లో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళలో ఈ తగ్గుదల తక్కువగా ఉంది. అంటే ఆ కబురు సరిగా అందడం లేదు. మనసులోని మాటకు కూడా అదే జరిగితే, తన మాట తనదని గుర్తు లేకుండా వస్తుంది.

1940ల చివర్లో లూయీ గౌల్డ్ అనే అమెరికన్ వైద్యుడు గొంతులు వినేవాళ్ళ పెదవుల దగ్గర కండరాల కదలికను కొలిచి, పైకి కనబడని కదలిక ఉందని చూపాడు. కొందరికి సన్నగా కూనిరాగం తీస్తే గొంతు తగ్గడం కూడా ఈ వైపే చూపుతుంది.

మరి ఎందుకు పూర్తిగా కాదు? ఎన్1 తేడా గొంతులు లేని పేషెంట్లలోనూ కనబడుతుంది. ఎంత తేడా ఉంటే అన్ని గొంతులు అన్న లెక్క అధ్యయనాలన్నిటిలో కుదరలేదు. పైగా తన ఆలోచన పరాయిదిగా తోచడం వేరు, చనిపోయిన నాన్నగారి గొంతులో, ఆయన యాసతో స్పష్టంగా వినబడటం వేరు. రెండోదానికి జ్ఞాపకం కూడా తోడు కావాలి. కెల్లీ డీడెరెన్ బృందం 2010లో గొంతు మొదలవడానికి కాస్త ముందు, హిప్పోకాంపస్ పక్కనుండే పారాహిప్పోకాంపల్ భాగంలో మార్పు చూపడం ఆ దారిలో ఒక ఆధారం.

ఎదురుచూపు వల్ల కూడా వినబడుతుందా?

వినబడుతుంది. 2017లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ పవర్స్, ఫిలిప్ కార్లెట్‌లు తెరపై ఒక బొమ్మను, దానితోపాటు సన్నటి ధ్వనిని జతగా చూపుతూ వెళ్ళారు. తర్వాత కొన్నిసార్లు ధ్వని ఆపేసి బొమ్మ ఒక్కటే చూపారు. మామూలు మనుషులు కూడా కొన్నిసార్లు ధ్వని విన్నామన్నారు. గొంతులు వినేవాళ్ళు, జబ్బు ఉన్నా లేకపోయినా, ఎక్కువసార్లు, ఎక్కువ నమ్మకంతో విన్నామన్నారు. మెదడు చెవి చెప్పేదానికన్నా తన అంచనాకు ఎక్కువ బరువు ఇస్తోందన్నమాట. రద్దీ బస్సులో, ఫ్యాను హోరులో, నీళ్ళ మోటారు చప్పుడులో గొంతులు ఎక్కువవుతాయని పేషెంట్లు చెప్పేది దీనితో సరిపోతుంది. శబ్దం అస్పష్టంగా ఉన్నప్పుడే అంచనా పైచేయి అవుతుంది.

గొంతులు వినబడుతున్నప్పుడు మనం మాట్లాడితే వాళ్ళకు వినబడదా?

తక్కువగా అందుతుంది. 1997లో పీటర్ వుడ్రఫ్ బృందం, గొంతులు తీవ్రంగా ఉన్నప్పుడు బయటి మాటకు టెంపోరల్ భాగాల స్పందన తగ్గిందని, గొంతులు తగ్గాక అది పెరిగిందని చూపింది. లోపలి మాటా బయటి మాటా ఒకే చోటు కోసం పోటీపడుతున్నాయి. "పిలిస్తే పలకడు, పొగరు" అనుకునేముందు ఇది గుర్తుంచుకోండి. ఎదురుగా కూర్చుని, పేరు పెట్టి పిలిచి, చిన్న వాక్యాలు ఒక్కొక్కటిగా చెప్పండి. టీవీ ఆపండి.

మెదడు స్కాన్ తీయిస్తే స్కిజోఫ్రీనియా ఉందో లేదో తెలిసిపోతుందా?

తెలియదు. ఇవాళ ఏ స్కానూ ఈ జబ్బును నిర్ధారించలేదు. నిర్ధారణ మాట్లాడి, లక్షణాలు ఎంతకాలంగా ఉన్నాయో చూసి చేస్తారు. స్కాన్‌తో ఖాయంగా చెబుతామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

కారణం ఇది. ప్రపంచంలోని అనేక కేంద్రాలు కలిసి చేసిన ఎనిగ్మా అధ్యయనం 2016లో 2,028 మంది పేషెంట్లనూ, జబ్బు లేని 2,540 మందినీ పోల్చింది. హిప్పోకాంపస్ సగటున చిన్నగా ఉంది, అన్ని భాగాల్లోకీ ఎక్కువ తేడా అక్కడే. అయినా రెండు గుంపుల కొలతలు చాలా మేరకు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. ఒక్క మనిషి కొలత చేతికిచ్చి ఏ గుంపు అని అడిగితే చెప్పలేం.

అలాంటప్పుడు డాక్టరుగారు ఎంఆర్ఐ ఎందుకు రాశారు?

వేరే జబ్బు కాదని తేల్చుకోవడానికి. కణితి, టెంపోరల్ లోబ్ మూర్ఛ, మెదడువాపు, తలకు తగిలిన దెబ్బ కూడా గొంతులు వినిపించగలవు. కింది పరిస్థితుల్లో స్కాన్ తప్పనిసరిగా అడగండి: జ్వరంతో లేదా ఉన్నట్టుండి మొదలైతే, ఫిట్స్ ఉంటే, తేదీ, చోటు తెలియని అయోమయం ఉంటే, చేయి కాలు బలహీనపడితే, తీవ్రమైన కొత్త తలనొప్పి ఉంటే, మధ్యవయసు దాటాక మొదటిసారి వస్తే. కుర్రవయసులో కొద్దిరోజుల్లోనే గొంతులు, ఫిట్స్, నోరు, ముఖం వింతగా కదలడం కలిసి వస్తే ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ (శరీర రక్షణ వ్యవస్థే మెదడుపై దాడి చేయడంతో వచ్చే మెదడువాపు) అనుమానించాలి. దానికి నడుము నుంచి నీరు తీసి పరీక్ష చేయాలి, మామూలు ఎంఆర్ఐ నార్మల్‌గా ఉండొచ్చు.

వినికిడి తగ్గిన పెద్దవాళ్ళకు పాటలు, భజనలు వినబడటం మొదలైతే ముందు చెవి పరీక్ష చేయించండి. అది చాలాసార్లు స్కిజోఫ్రీనియా కాదు.

రిపోర్టు నార్మల్ వస్తే "జబ్బేమీ లేదు, నాటకం" అని కాదు అర్థం. ఆసుపత్రిలో తీసే స్కాన్ మెదడు ఆకారాన్ని చూపుతుంది, పనితీరును కాదు.

గొంతు ఏమంటోందో స్కాన్‌లో వినగలరా?

లేదు. పేషెంటును అడగడమే మార్గం.

పరిశోధన స్కాన్‌కు ఒప్పుకున్నాం. ఏం జరుగుతుంది?

ముందు సమ్మతి పత్రం. తెలుగులో అడగండి, ఇంటికి తీసుకెళ్ళి చదవండి. మధ్యలో మానుకునే హక్కు ఉంటుంది, మానుకున్నా వైద్యం ఆగకూడదు. తర్వాత ఒక మనిషి కూర్చుని గొంతుల గురించి అడుగుతారు. సాధారణంగా సైరాట్స్ అనే 11 అంశాల ప్రశ్నావళి వాడతారు: ఎంత తరచుగా, ఎంతసేపు, ఎంత గట్టిగా, లోపలి నుంచా బయటి నుంచా, ఎంత బాధ, ఎంత అదుపు వగైరా.

3 టెస్లా యంత్రం భూమి అయస్కాంతం కన్నా సుమారు 60,000 రెట్లు బలమైనది. తాళి, నల్లపూసలు, మెట్టెలు, మొలతాడు, తాయెత్తు, చెవికమ్మలు, ముక్కుపుడక, జడపిన్నులు, హుక్కుల జాకెట్టు, బెల్టు అన్నీ తీయాలి. బంగారాన్ని అయస్కాంతం లాగదు, కానీ అందులో కలిసిన లోహమేదో తెలియదు, బొమ్మ కూడా చెడుతుంది. తాళి తీయడం కష్టమనిపించేవాళ్ళు ముందురోజే ఇంట్లో మాట్లాడుకుని, పసుపుతాడు కట్టుకుని రావడం మంచిది. పేస్‌మేకర్, కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో క్లిప్పు, కంట్లో ఇనుపరజను, గర్భం ఉంటే తప్పక చెప్పాలి. వెల్డింగు, లేతు పని చేసినవాళ్ళు కంటి సంగతి గుర్తుచేసుకోండి.

లోపల 100 డెసిబెల్స్ పైన చప్పుడు ఉంటుంది. ఇయర్‌ప్లగ్గులు, వాటిపై హెడ్‌ఫోన్లు ఇస్తారు. మొదట ఆకారపు స్కాన్ 5 నుంచి 8 నిమిషాలు, తర్వాత పనితీరు స్కాన్లు ఒక్కొక్కటి 8 నుంచి 10 నిమిషాలు. మొత్తం 45 నిమిషాల నుంచి గంట. చేతిలో అత్యవసర బంతి ఇస్తారు, పిసికితే ఆపేస్తారు. ఉత్త నమూనా యంత్రంలో ముందు ఒకసారి పడుకోబెట్టే కేంద్రమైతే ఆ అవకాశం వాడుకోండి. ఇరుకు భయం, "నా ఆలోచనలు లాగేస్తున్నారు" అన్న అనుమానం చాలావరకు అక్కడే బయటపడతాయి. అనుమానం బలంగా ఉన్న మనిషిని బతిమాలి లోపలికి పంపడం తప్పు.

స్కాన్ కోసం మందులు ఆపాలా?

ఎవరు చెప్పినా మీ సైకియాట్రిస్టును అడగకుండా ఆపకండి. గొంతులు తిరగబెడితే అదుపులోకి రావడానికి నెలలు పట్టొచ్చు. మందు మోతాదును రాసుకుని లెక్కల్లో సర్దుకోవడం పరిశోధకుల పని.

స్కానర్ అంత చప్పుడు చేస్తే మాట వినడాన్ని ఎలా పరీక్షిస్తారు?

నిశ్శబ్దపు ఖాళీల్లో. యంత్రం 2 సెకన్లు బొమ్మ తీసి, 8 సెకన్లు ఆగుతుంది. ఆ 8 సెకన్లలో వాక్యం వినిపిస్తారు. రక్తపు స్పందన 4 నుంచి 6 సెకన్లకు శిఖరానికి వస్తుంది కాబట్టి, వాక్యం ముగిశాక తీసే బొమ్మలో అది దొరుకుతుంది. నష్టం ఏమిటంటే 10 నిమిషాల్లో 60 బొమ్మలే వస్తాయి. ఆగకుండా 2 సెకన్లకొకటి తీస్తే 300 వచ్చేవి. గొంతులను పట్టే అధ్యయనాల్లో ఇంకో చిక్కు: స్కానర్ హోరు వినే భాగాన్ని ముందే నింపేస్తుంది, అందువల్ల గొంతు వచ్చినప్పుడు పెరుగుదల చిన్నగా కనబడొచ్చు. హెష్ల్ మెలిక కొన్ని అధ్యయనాల్లో కనబడి, కొన్నింటిలో కనబడకపోవడానికి ఇది ఒక కారణం.

తెలుగు మాట్లాడేవాళ్ళపై చేస్తే ఇంగ్లీషు ప్రయోగాన్నే అనువదించి వాడొచ్చా?

వద్దు. ఇంగ్లీషు వాక్యంలో క్రియ మధ్యలో వస్తుంది, తెలుగులో చివర. "ఊహించని చివరిమాట" మీద ఆధారపడ్డ ప్రయోగం తెలుగులో క్రియను పరీక్షిస్తుంది, నామవాచకాన్ని కాదు. వాక్యాలు కొత్తగా రాయాలి, ఒక్కొక్కటి 2 నుంచి 3 సెకన్లకు సరిపడా. పోలికకు అదే రికార్డింగును వెనక్కి తిప్పి గానీ, శబ్దపు పట్టీలుగా కోసి హోరుతో నింపి గానీ వాడాలి, అప్పుడు ధ్వని స్థాయి సమానంగా ఉంటుంది. యాస కూడా ముఖ్యం. కోస్తా యాసలో రికార్డు చేసి ఆదిలాబాద్ పేషెంట్లకు వినిపిస్తే, అర్థం చేసుకోవడానికి పడే అదనపు శ్రమే నుదుటి భాగాల్లో తేడాగా కనబడి, జబ్బు తేడాగా అచ్చవుతుంది. పోలిక గుంపును అదే ప్రాంతం, అదే చదువు స్థాయి నుంచి తీసుకోండి. పేషెంట్లు పల్లెల నుంచి, పోలిక గుంపు మెడికల్ కాలేజీ విద్యార్థుల నుంచి అయితే ఆ అధ్యయనం పనికిరాదు.

ఫలితాలు ఎక్కడ తప్పుతాయి?

అన్నిటికన్నా ఎక్కువగా తల కదలికలో. స్కాన్ మెదడును చిన్నచిన్న ఘనపు గడులుగా చూస్తుంది. ఒక్కో గడి సుమారు 3 మిల్లీమీటర్లు, తల అంత కదిలితే సంకేతం పక్క గడిలోకి పోతుంది. గొంతుకు పెదవులు కదిపి జవాబు చెప్పే పేషెంటు తల సరిగ్గా గొంతు వచ్చినప్పుడే కదులుతుంది. కదలికనే "గొంతు ప్రాంతం" అనుకునే ప్రమాదం అక్కడ ఉంది. స్కాన్ అవగానే "లోపల ఏమైనా మాట్లాడారా" అని అడిగి రాసుకోవాలి.

తర్వాతిది లెక్కలు. అలాంటి గడులు వేలల్లో ఉంటాయి కాబట్టి, సవరణ చేయకపోతే ఊరికే కొన్ని వెలుగుతాయి. 2016లో ఆండర్స్ ఎక్లుండ్ బృందం, వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్లు పక్కపక్కనే వెలిగే గడులను ఒక గుంపుగా తీసుకునే లెక్కలో తప్పుడు ఫలితాలు అనుమతించిన దానికన్నా చాలా ఎక్కువ ఇవ్వగలవని చూపింది. పాత పేపరు చదివేటప్పుడు సవరణ ఏ పద్ధతిలో చేశారో చూడండి. మరీ చిన్న గుంపుల సంగతి పైన చెప్పాం.

జబ్బు లేకుండానే గొంతులు వినేవాళ్ళు ఉంటారా?

ఉంటారు. డీడెరెన్ బృందం 2012లో జబ్బు లేని 21 మంది, జబ్బు ఉన్న 21 మంది గొంతులను పోలిస్తే చురుకైన భాగాలు ఇంచుమించు ఒకటే. గొంతు బాధపెడుతోందా, పని మాన్పిస్తోందా, ఆదేశిస్తోందా అన్నదే వైద్యానికి కొలత. దగ్గరివాళ్ళు పోయిన కొత్తలో వాళ్ళ పిలుపు వినబడటం కూడా చాలామందికి జరుగుతుంది, దానికి మందు అక్కర్లేదు.

మన దగ్గర గొంతులు వేరేగా ఉంటాయా?

అమెరికన్ మానవ శాస్త్రవేత్త తాన్యా లూర్‌మన్ 2015లో చెన్నైలో స్కిజోఫ్రీనియాపై పనిచేసే స్కార్ఫ్ సంస్థ వైద్యులతోనూ, ఘనా పరిశోధకులతోనూ కలిసి చెన్నై, అక్రా, అమెరికాలోని శాన్ మటేయోల్లో 20 మంది చొప్పున ఇంటర్వ్యూలు చేశారు. అమెరికన్లు ఎక్కువగా హింసను, తమ మెదడు చెడిపోవడాన్ని వర్ణించారు. చెన్నైలో చాలామందికి వినబడింది అమ్మ, అత్త, చెల్లెలి లాంటి బంధువుల గొంతు: స్నానం చెయ్యి, వంట చెయ్యి అని చెప్పేది, తిట్టేది. అది ఇంటర్వ్యూల అధ్యయనం, స్కాన్ లేదు. అయినా తెలుగు ఇళ్ళలో వైద్యం చేసేవాళ్ళకు చాలా పనికొస్తుంది. గొంతు ఎవరిదని అడగకుండా "వినబడుతున్నాయా" అని టిక్కు పెట్టి వదిలేస్తే సగం సంగతి పోతుంది.

స్కాన్‌లో కనబడిన చోటికే కరెంటు పెట్టి నయం చేస్తారట, నిజమేనా?

ప్రయత్నాలు ఉన్నాయి, ఫలితాలు మిశ్రమం. రాల్ఫ్ హాఫ్‌మన్ 2000లో చెవికి పైన, వెనకగా ఉండే ఎడమ టెంపోరోపెరైటల్ భాగంపై సెకనుకు ఒకటి చొప్పున అయస్కాంత తాకిడులు ఇస్తే గొంతులు తగ్గాయని చెప్పారు. 2011లో క్రిస్టీనా స్లోటెమా బృందం 62 మందిని మూడు గుంపులు చేసింది: ఫంక్షనల్ ఎంఆర్ఐ చూపిన చోట కొందరికి, మామూలు చోట కొందరికి, ఉత్తుత్తి చికిత్స కొందరికి. మూడింటి మధ్య తేడా తేలలేదు.

చిన్న కరెంటు పద్ధతిలో, జెరోమ్ బ్రునెలిన్ 2012లో 30 మందిలో సగంమందికి 2 మిల్లీ ఆంపియర్లు, 20 నిమిషాలు, రోజుకు 2 సార్లు, 5 రోజులు, మిగతా సగంమందికి ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. కరెంటు అందినవాళ్ళలో గొంతులు తగ్గాయి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ కూడా దీనిపై పనిచేసింది. తర్వాతి ప్రయోగాలన్నీ ఒకే మాట చెప్పలేదు. మందుకు తోడుగా, పేరున్న ఆసుపత్రిలో అయితే ఆలోచించవచ్చు. యూట్యూబు చూసి బ్యాటరీతో ఇంట్లో పెట్టుకోవడం చర్మం కాలడానికి దారి.

మందుల విషయంలో మాత్రం ఆధారం గట్టిది. రెండు వేర్వేరు యాంటీసైకోటిక్ మందులు, సరైన మోతాదులో, ఒక్కొక్కటి కనీసం 6 వారాలు వాడినా గొంతులు తగ్గకపోతే క్లోజపిన్ అనే మందు గురించి అడగండి. అది కొందరిలో తెల్లరక్తకణాలను తగ్గించగలదు కాబట్టి మొదటి 18 వారాలు వారానికోసారి రక్తపరీక్ష చేయించడం వాడుక. జ్వరం, గొంతునొప్పి వస్తే అదే రోజు డాక్టరును కలవాలి. రక్తపరీక్షల భయంతో ఏళ్ళతరబడి ఈ మందు మొదలుపెట్టకపోవడం చాలా చోట్ల జరుగుతోంది, అది పేషెంటుకు అన్యాయం.

డాక్టరు దగ్గరకు వెళ్ళేటప్పుడు ఏం రాసుకెళ్ళాలి?

వారం రోజుల కాగితం: ఏ వేళ వినబడింది, ఎంతసేపు, ఎవరి గొంతు, ఏమంది, అప్పుడు ఏం చేస్తున్నారు, ఏం చేస్తే తగ్గింది. మందు వేసుకున్న వేళ, నిద్ర గంటలు, గంజాయి, మద్యం కూడా రాయండి. గంజాయి సంగతి దాచిపెడితే మందు పనిచేయడం లేదన్న తప్పుడు లెక్క వస్తుంది. కూనిరాగం, హెడ్‌ఫోన్లలో పాట, పైకి చదవడం వీటిలో ఏది పనిచేసిందో విడిగా రాయండి.

"చచ్చిపో", "వాణ్ణి కొట్టు" అని గొంతు ఆదేశిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందు, కత్తులు, మాత్రల స్టాకు అందకుండా తీసేయండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి, జిల్లా ఆసుపత్రిలోనూ చూపించవచ్చు. దారి తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.